మేడ మీది మిగ్

నాగోల్ అనగానే నగరంలో చాలామందికి గుర్తొచ్చేవి రెండు. ఒకటి, మెట్రో బ్లూ లైను మొదటి స్టేషను. రెండోది, లైసెన్సు కావాలంటే కారుతో ఎనిమిది అంకె, హెచ్ అక్షరం తిప్పి చూపించాల్సిన ఆర్టీఏ టెస్ట్ ట్రాకు. పోయిన ఆదివారం నాకు మూడోది తెలిసింది. స్టేషను దగ్గర ఆటో ఎక్కి, ఒక కాలనీ చివర మూడంతస్తుల ఇంటి ముందు దిగి, మెట్లెక్కి మేడ మీదికి పోతే, నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గదిలో ఒక యుద్ధవిమానం కాక్‌పిట్ ఉంది.

ప్లైవుడ్ పెట్టె. అందులో పాత కారు సీటు. ఎదురుగా పెద్ద మానిటరు, అటూ ఇటూ రెండు చిన్నవి. మోకాళ్ల మధ్య జాయ్‌స్టిక్, ఎడమచేతి కింద త్రాటిల్, కాళ్ల దగ్గర వెల్డింగు షాపులో ఇనుప యాంగిల్‌తో చేయించిన పెడళ్లు. కుడిపక్క పలక మీద నలభై దాకా టాగుల్ స్విచ్చులు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవి. గ్రాఫిక్స్ కార్డు సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది. స్విచ్చుల కింద తెల్లరంగు పెన్నుతో తెలుగులోనే రాసుకున్నాడు: బ్యాటరీ, ఇన్వర్టర్ 1, ఇన్వర్టర్ 2, పంపు, రాడార్.

దీన్ని కట్టిన కుర్రాడిది నల్లగొండ వైపు ఊరు. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో యూపీఎస్‌లు సర్వీసు చేసే ఉద్యోగం. పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే రాస్తాను. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటరుతో నాలుగేళ్ల కింద మొదలుపెట్టాడు. దాంతో పాటు ఉచితంగా వచ్చే సుఖోయ్-25టీ మీద ఆరు నెలలు ఉన్నాడు. తర్వాత డబ్బులు కూడబెట్టి, ఆ సిమ్యులేటరు కోసం 2014లో వచ్చిన మిగ్-21 బిస్ కొన్నాడు. అమెరికా విమానాలు బోలెడు ఉండగా ఇదే ఎందుకని అడిగితే, "ఇది మనది గద సార్" అన్నాడు.

ఆ మాటలో అతిశయం లేదు. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 చండీగఢ్‌లో సెలవు తీసుకున్నది 2025 సెప్టెంబరు 26న. అరవై రెండేళ్లు. దాన్ని మన దేశంలో తయారు చేయాలనుకున్నప్పుడు పనిని మూడు చోట్లకు పంచారు: విమానం ఒళ్లు నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. బాలానగర్‌లో 1965లో మొదలైన హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం అలా పుట్టిందే. ఈ ఇంటి కింది వాటాలో ఉండే పెద్దాయన అక్కడే ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. తమ్ముడు ఆయన్ని తాతా అంటాడు. ఆ సంగతి తర్వాత.

"కూసోండ్రి సార్" అని నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. తెర మీద రన్‌వే పక్కన నిలిపిన విమానం, అన్నీ ఆపేసి ఉంది. ఇలాంటి సిమ్యులేటర్లలో ఒక్క బటన్‌తో గాల్లోకి లేవడం ఉండదు. అసలు విమానంలో ఏ స్విచ్చు తర్వాత ఏ స్విచ్చు వేస్తారో ఇక్కడా అదే వరస.

"మొదలు బ్యాటరీ. తర్వాత జనరేటర్లు. గీ రెండు ఇన్వర్టర్లు. ఇవి లేకుంటే గైరోలు తిరగవు. గైరోలు లేకుంటే మబ్బులల్ల పోయినంక ఏది మీద, ఏది కింద తెల్వది."

రోజూ ఇన్వర్టర్లతోనే బతికేవాడు విమానం ఇన్వర్టరు గురించి చెబుతుంటే గొంతులో ఇష్టం తెలిసిపోతుంది. డీసీని ఏసీగా మార్చడమే ఇక్కడా అక్కడా పని.

నన్ను ఆపేసింది మాత్రం ఇంధనం మీటరు. చిన్న గుండ్రటి డయలు, పక్కన ఒక నాబ్. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఆ నాబ్ తిప్పి, ట్యాంకుల్లో ఎంత పోశారో ఆ అంకె దగ్గర సూదిని మనమే నిలపాలి. ఈ మీటరు ట్యాంకులోకి తొంగి చూడదు. ఇంజన్‌లోకి ఎన్ని లీటర్లు పోతున్నాయో కొలిచి, మనం చెప్పిన అంకెలోంచి తీసేస్తూ ఉంటుంది, అంతే. రెండు వేల లీటర్లు పోసి మూడు వేలని పెట్టామా, ఇంజన్ ఆగిపోయే క్షణంలో కూడా ఇంకా వెయ్యి ఉందనే చూపిస్తుంది. మొదట్లో తమ్ముడు దాన్ని ముట్టుకునేవాడు కాదట. రెండుసార్లు ఇంజన్ గాల్లో ఆగింది. కంప్యూటర్ తప్పనుకుని సిమ్యులేటరంతా తీసేసి మళ్లీ ఎక్కించాడు. మూడోసారి మాన్యువల్ తెరిచి చదివాడు.

విమానాన్ని నేల మీద నడపడం, అంటే టాక్సీ, ఇంకో చదువు. ముందు చక్రానికి స్టీరింగు లేదు, ట్రాలీ చక్రంలా ఎటైనా తిరుగుతుంది. జాయ్‌స్టిక్ మీద ఉన్న బ్రేకు మీట నొక్కి పట్టి, ఎడమ పెడల్ తొక్కితే ఎడమ చక్రం ఆగుతుంది, ముక్కు అటు తిరుగుతుంది. వేగం మరీ తగ్గితే తిరగదు, పెరిగితే ఆగదు. నేను మూడుసార్లు గడ్డిలోకి పోయాను. నాలుగోసారి రన్‌వే మొదట్లోకి తీసుకొచ్చి నిలిపాను.

అసలు సంగతి అక్కడ మొదలైంది. త్రాటిల్ ముందుకు నెట్టేకొద్దీ ముక్కు కుడికి లాగుతోంది. నా కాళ్లదే తప్పనుకుని పెడళ్ల మీంచి పాదాలు తీసేశాను. అయినా లాగింది. తమ్ముడు దాన్ని చూపించడానికే నన్ను కూర్చోబెట్టినట్టున్నాడు. "మూడు రోజులసంది గిట్లనే ఉంది సార్. ఇయ్యాల తేల్చాలె" అని అరలోంచి లాంగ్ నోట్‌బుక్కు తీశాడు.

ఆ పుస్తకం చూడాల్సిందే. ప్రతి పేజీలో మూడు గళ్లు: ఏం జరిగింది, ఏం మార్చిన, ఏమైంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాయాలి, పని కాకపోతే దాన్ని ఎప్పట్లా పెట్టేశాకే రెండోది ముట్టుకోవాలి. యూపీఎస్ పనిలో సీనియరు ఒకాయన నేర్పిన పద్ధతట. పాత పేజీలు తిరగేశాను. ఎగురుతుండగా జాయ్‌స్టిక్ మాయమైపోవడం: విండోస్ కరెంటు పొదుపు కోసం యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతోంది, ఆ టిక్కు తీసేస్తే పోయింది. తల తిప్పకుండానే చూపు పక్కకు జారిపోవడం, అదీ సాయంత్రం పూటే: తల కదలికను కెమెరా పట్టుకునేది టోపీ మీది ఇన్‌ఫ్రారెడ్ బల్బులతో, పడమటి కిటికీలోంచి పడే ఎండను కూడా అది బల్బే అనుకుంటోంది. పరిష్కారం గడిలో ఒకే మాట: పరదా.

ఇక ఆనాటి వేట. మొదట సుఖోయ్ ఎక్కి చూశాడు. అందులో ముక్కు తిన్నగా పోయింది. అంటే పెడల్ ఇనుములో, వైరులో ఈ లాగుడుకు కారణం లేదు. ఉంటే రెండు విమానాలూ లాగాలి. ఈ సిమ్యులేటరులో ఏ విమానానికి ఆ విమానం కంట్రోళ్ల పట్టిక వేరు. మిగ్ పట్టిక తెరిచాడు. ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ వరసలో పెడల్ పేరు ఉండాల్సిన చోట ఉంది. పక్క గడిలో, ఎవరూ పెట్టని ఇంకో పేరు: త్రాటిల్ పెట్టె. నాలుగు రోజుల కింద గది ఊడ్చినప్పుడు త్రాటిల్ కేబులు ఇంకో పోర్టులో పెట్టాడట. సిమ్యులేటరు దాన్ని కొత్త పరికరమనుకుని, తనకు తోచిన పనులు అప్పజెప్పేసింది. చేత్తో పవరు పెంచితే అదే రడ్డర్‌ను కుడికి తొక్కుతోంది. ఆ గడి ఖాళీ చేశాడు. విమానం గీత గీసినట్టు పరుగెత్తింది.

నాకైతే అక్కడితో పని అయిపోయినట్టే. అతనికి కాలేదు. కంట్రోల్ ఇండికేటర్ పైకి తెచ్చాడు. తెర మూలన చిన్న ఎర్ర చట్రం, జాయ్‌స్టిక్, పెడళ్లు, త్రాటిల్ ఎక్కడున్నాయో అందులో గుర్తులు. కాళ్లు దూరంగా పెట్టి చూడమన్నాడు. రడ్డర్ గుర్తు మధ్యలో నిలబడే ఉంది, ఉండుండి ఒకసారి ఉలిక్కిపడినట్టు కదిలి మళ్లీ మధ్యకు వస్తోంది. డెడ్‌జోన్, అంటే చిన్న కదలికలను పట్టించుకోని మేర, కాస్త పెంచితే ఇది పోతుంది కదా అన్నాను, అంతకుముందే ఆ మాట అతని పుస్తకంలో చదివి.

"కనబడది సార్. పోదు."

అప్పుడే పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. లుంగీ, బనీను, మెడలో తాడుకు కళ్లజోడు. కింద మిగ్ శబ్దం ఆగిపోతే ఏదో పాడైందని ఆయనకు తెలుస్తుందట. "ఏం నాన్నా, ఏమంటోంది?" అని స్టూలు లాక్కుని పెడళ్ల పక్కన కూర్చున్నారు. కవరు విప్పించారు. లోపల అయస్కాంతం ముక్క, దాని ఎదురుగా గోటంత హాల్ సెన్సరు, మూడు వైర్లు. పెన్సిలు అడిగి, తిరగేసి, రబ్బరు వైపుతో ఒక్కో అతుకు మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టారు. "నన్ను చూడకు, తెర చూడు." మొదటి అతుకు: ఎర్ర గుర్తు కదల్లేదు. రెండోది: లేదు. మూడోదాని మీద తట్టగానే గంతేసింది. మళ్లీ తట్టారు, మళ్లీ గంతేసింది.

భూతద్దం పెట్టి నాకూ చూపించారు. మిగతా రెండు అతుకులు నీటిబొట్టులా మెరుస్తున్నాయి. మూడోది బూడిదరంగు, పైన గరుకు, వైరు చుట్టూ వెంట్రుకంత వలయం. డ్రై సోల్డరు. వైరు వేడెక్కకముందే సీసం పోసేస్తే పట్టుకున్నట్టే ఉంటుంది, పట్టుకోదు. "బెంచి మీద అన్ని పరీక్షలూ పాసవుతుంది బాబూ. విమానం ఊగినప్పుడు వదిలేస్తుంది. మాకు ఇదే భయం" అన్నారు నాతో. తమ్ముడు సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఫ్లక్స్ రాసి, వైరు మీద మొన ఆనించి ఆయన తల ఊపేదాకా ఆగి, అప్పుడు సీసం తాకించాడు. అది ఒక్క క్షణంలో వైరు చుట్టూ పాకి మెరిసింది.

టీ తాగుతూ పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదు. నేనే అడిగాను, ఆ విమానాల ప్రమాదాల గురించి. 2012లో అప్పటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన లెక్క ఆయనకు నోటికి వచ్చు: 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయి, 171 మంది పైలట్లు చనిపోయారు. అందులో యంత్రం తప్పు ఎంత, నడిపినవాళ్ల తప్పు ఎంత, శిక్షణ లోపం ఎంత అనేది ఏళ్ల తరబడి నలిగిన చర్చ. నా మట్టుకు శిక్షణ సంగతే ఎక్కువ బాధపెడుతుంది. నెమ్మదైన కిరణ్ లాంటి విమానం మీద నేర్చుకున్న పిల్లలు మిగ్‌లోకి మారేవారు. మధ్యలో అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని లాఫోంటేన్ కమిటీ 1982లో చెప్పింది. హాక్ విమానాలు బీదర్‌లో వైమానిక దళంలో చేరింది 2008లో. ఇరవై ఆరేళ్లు. శిక్షణ విలువ తెలుసుకోవడంలో ఆలస్యం మన ఒక్కరిదే కాదు. అమెరికా సైన్యం కూడా 1934లో తపాలా మోయబోయి చెడు వాతావరణంలో పైలట్లను పోగొట్టుకున్నాకే ఎడ్విన్ లింక్ తయారుచేసిన, నేల మీదే ఎగరడం నేర్పే శిక్షణ పెట్టెలు ఆరు కొన్నది. ఆలస్యమైన ఆ ఇరవై ఆరేళ్లలో దిగడం తెలియక పోయినవాళ్లకు ఇలాంటి గది ఒకటి, రెండోసారి ప్రయత్నించే వీలు ఒకటి ఉంటే ఎలా ఉండేదన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఎందుకంటే ఆ దిగడం ఎంత కష్టమో, అతుకు వేశాక నాలుగుసార్లు ఎగిరి అప్పటికే చూశాను. క్షిపణులూ రాడారూ చివరి పాఠాలు. తమ్ముడికే మూడో ఏడు దాకా రాలేదు. ముందు ప్రాణంతో నేల మీదికి రావాలి. మెట్రో రైలు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. మిగ్-21 రన్‌వే మీదికి దిగి వచ్చేదే 300 దాటి. రెక్కలు చిన్నవి, ఆ వేగం కూడా వాటికి తక్కువే, విమానాన్ని మోయలేవు కాబట్టి ఇంజన్‌లోంచి గాలి తీసి ఫ్లాపుల మీదికి ఊదే ఏర్పాటు ఉంది, ఎస్‌పీఎస్ అంటారు. ఇంజన్ తగినంత తిరుగుతున్నంతసేపే ఆ గాలి. రన్‌వే కనబడగానే మన చెయ్యి అలవాటుగా పవరు తగ్గించేస్తుంది. గాలి ఆగుతుంది, విమానం రాయిలా పడుతుంది. నేను నాలుగుసార్లూ అదే చేశాను. అతుకు బాగుంది, పట్టిక బాగుంది. మిగిలింది నా ఎడమచెయ్యే.

అయిదోసారి మొదలుపెట్టబోతుంటే పెద్దాయన స్టూలు దగ్గరకు జరిపారు. ప్యానెల్ మీద ఒక చిన్న డయలు వేలితో చూపించి, దాన్ని పెద్దది చేయమన్నారు. రేడియో ఆల్టీమీటర్. నేలకూ విమానం పొట్టకూ మధ్య దూరం రేడియో తరంగంతో కొలిచేది. ఏళ్ల తరబడి ఆయన బల్ల మీదికి వచ్చిపోయిన డబ్బాలు అవే. సూదిని సున్నా దగ్గర నిలిపి, సీలు వేసి, పంపేసేవారు. గాల్లోంచి నేలకు వస్తున్నప్పుడు అది ఎలా దిగుతుందో ఎన్నడూ చూడలేదట. తమ్ముడు ఇన్నాళ్లూ పిలుస్తున్నా ఈ సీట్లో కూర్చోలేదు, మోకాళ్ల నొప్పులని.

"మీరు రన్‌వే చూడండి. సూది నేను చూస్తాను."

మలుపు తిరిగాను. చక్రాలు దించాను, ఫ్లాపులు దించాను. తమ్ముడు నా ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాడు, వెనక్కి లాగనివ్వకుండా.

"వంద మీటర్లు" అన్నారు పెద్దాయన. "ఎనభై. బాగానే దిగుతోంది. యాభై. ముప్పై."

చెయ్యి వెనక్కి పోవాలని చూస్తోంది. పోనివ్వలేదు.

"ఇరవై. పది. అయిదు..."

చక్రాలు ఆనిన చప్పుడు సీటు కింద స్పీకర్లోంచి వచ్చింది. తమ్ముడు వేగం తగ్గించే పారాచూట్ స్విచ్చు వేశాడు. విమానం ఆగేదాకా ఆయన తెర మీంచి వేలు తీయలేదు.

"సున్నా దగ్గరే నిలబడింది" అన్నారు.