రెండు అంకెల తేడా

డల్లాస్‌లో ఉన్న రోజుల్లో ముచ్చటపడి ఓ సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నాను. టర్బో బండి. అది చాలదన్నట్టు అక్కడి 93 ఆక్టేన్ పెట్రోలుకి సరిపడా ట్యూన్ కూడా చేయించాను. 2007 ఆగస్టులో ప్రాజెక్టు శాన్ హోసేకి మారితే, మా ఆవిడతో అందులోనే బయల్దేరాను.

లాస్ ఏంజెలెస్ దాటి టెహోన్ పాస్ కొండ ఎక్కుతుంటే, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు. "ఏంటండీ అది?" అంది. "రోడ్డు బాలేదులే" అన్నాను. అబద్ధం. కాలిఫోర్నియా బంకుల్లో ప్రీమియం అంటే మామూలుగా 91. రెండు అంకెలేగా అని నింపేశాను.

ఆక్టేన్ ఎక్కువుంటే పవర్ ఎక్కువనుకుంటాం గానీ, నిజానికది పెట్రోలు ఓర్పుకి కొలత. స్పార్కు మంట చేరేలోపే వేడికీ ఒత్తిడికీ పెట్రోలు తనంతట తనే అంటుకుంటే నాక్ అంటారు. కంపెనీ సెట్టింగులో అయితే సెన్సర్ అది పసిగట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది, కాస్త పవర్ తగ్గుతుంది. నాలా చివరంచుదాకా ట్యూన్ చేయిస్తే ఆ వెసులుబాటు మిగలదు. పిస్టన్లు పగలొచ్చు కూడా.

ఏసీ ఆపి, మెల్లగా ఎక్కించాను. తర్వాత 91కి మళ్ళీ ట్యూన్ చేయించుకున్నాను.

విజయవాడలో నాన్న స్కూటరుకి ఒకే బంకులో పోయించేవారు, మిగతాచోట్ల కిరోసిన్ కలుపుతారని. చాదస్తం అనుకునేవాణ్ణి. ఫోన్లో ఇదంతా చెబితే "అమ్మాయికి నిజం చెప్పావా?" అన్నారు.

ఆ రాత్రే చెప్పాను. "ఏసీ ఆపినప్పుడే తెలిసింది" అంది.