కొల్లేటి జోనంగి నుంచి కెల్పీ దాకా

మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ బ్రిస్బేన్‌కి నైరుతి దిక్కున, ఇప్స్‌విచ్ నగర పరిధిలో ఉంది. పేరుకు తగ్గట్టే చెరువులు, వాటి చుట్టూ నడకదారులు, నీళ్ళలో బాతులు. సాయంత్రమైతే ఊళ్ళో సగం మంది కుక్కలతో, మిగతా సగం పిల్లలతో అక్కడే కనిపిస్తారు. మా పదేళ్ళ అమ్మాయి ఆ మొదటి సగంలో చేరాలని రెండేళ్ళుగా పోరు పెడుతోంది. దీనికంతటికీ మూలం 'బ్లూయి'. 2018లో మొదలైన ఈ బ్రిస్బేన్ కార్టూన్ చూడని పిల్లలు మన ఇళ్ళల్లో ఉండరనుకుంటాను. అందులో బ్లూయి నీలం హీలర్, చెల్లెలు బింగో ఎర్ర హీలర్.

కొల్లేరు పక్క పల్లె నుంచి మా నాన్నగారు 3 నెలలకని వచ్చినప్పుడు ఈ గొడవ మళ్ళీ మొదలైంది. తాతయ్య అండ దొరికింది కదా! సరే, కొనడం తర్వాత సంగతి, అసలు ఆ కుక్కలు ఏం పని చేస్తాయో చూద్దామని, ఆఫీసు మిత్రుడి ద్వారా పరిచయమైన ఓ రైతు దగ్గరికి ఒక శనివారం బయల్దేరాం. కన్నింగ్‌హామ్స్ గ్యాప్ కొండదారి ఎక్కి అవతలికి దిగితే డార్లింగ్ డౌన్స్ మైదానం. కారు దిగగానే నాన్నగారు వంగి పిడికెడు మట్టి తీసుకుని, "ఇది మన నల్లరేగడే!" అన్నారు.

ఆ రైతు దగ్గర గొర్రెలూ ఉన్నాయి, పశువులూ ఉన్నాయి. కుక్కలు మూడు రకాలు. బోర్డర్ కోలీ నేలకు వంగి, కళ్ళతోనే గొర్రెల్ని కట్టేస్తుంది. కెల్పీ దొడ్లో గొర్రెలు ఇరుక్కుంటే వాటి వీపుల మీదుగానే పరుగెత్తి అవతలి వైపు తేలుతుంది. అది చూసి మా అమ్మాయి నోరు తెరిచింది. హీలర్ది పశువుల పని. వెనకనుంచి మడమ దగ్గర చిన్నగా కొరికి, ఆవు కాలు విసిరేలోగా నేలకు అతుక్కుపోతుంది.

పిల్లలూ, వీటి పుట్టుక కథలు కూడా వినండి. 1870 ప్రాంతంలో విక్టోరియాలోని కాస్టర్టన్ దగ్గర వారాక్ స్టేషన్‌లో పుట్టిన ఓ కుక్కపిల్లను జాక్ గ్లీసన్ అనే యువకుడు తన గుర్రాన్నిచ్చి తీసుకున్నాడట. స్కాట్లండ్ కథల్లోని నీటిభూతం పేరు మీద దానికి 'కెల్పీ' అని పేరు పెట్టాడు. ఆ పేరే జాతికి నిలిచింది. కెల్పీలో డింగో రక్తం ఉందని చాలాకాలం చెప్పుకున్నారు కానీ, 2019లో వచ్చిన జన్యు పరిశోధన దాన్ని సమర్థించలేదు. హీలర్ సంగతి వేరు. న్యూ సౌత్ వేల్స్‌లో థామస్ హాల్ కుటుంబం ఇంగ్లండ్ పశువుల కుక్కల్ని డింగోలతో కలిపి దీన్ని తయారుచేసింది. హీలర్ పిల్లలు తెల్లగా పుడతాయి, నీలం, ఎరుపు రంగులు తర్వాత వస్తాయి.

"ఇన్ని రకాలెందుకు, అన్ని పనులూ చేసే ఒక్క కుక్కను తయారు చెయ్యలేరా?" అని నా సాఫ్ట్‌వేర్ బుద్ధితో అడిగాను. రైతు నవ్వాడు. చిన్న ఫాంలో పని దొడ్లోనే. లారీ ఎక్కించాలి, గేటు దాటించాలి. దానికి దగ్గరగా వెళ్ళే ధైర్యం, గట్టి అరుపు కావాలి. పెద్ద పశుక్షేత్రాన్ని ఇక్కడ స్టేషన్ అంటారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ మన పాత కృష్ణా జిల్లా కంటే పెద్దది! అలాంటి చోట కుక్క యజమాని కంటికి ఆనదు. ఎండకు తట్టుకుని, దూరంగా చుట్టుతిరిగి, సొంతంగా ఆలోచించి మందను తేవాలి. ఒకదానికి దూకుడు బలం, ఇంకొకదానికి ఓర్పు బలం. రెండూ ఉన్న కుక్క దొరక్కపోదు. కానీ రెండు మంచి కుక్కల్ని కలిపినంత మాత్రాన పిల్లలన్నిటికీ రెండు గుణాలూ రావు. ఒకే ఈతలో ఒకటి దొడ్డికి, ఒకటి బయలుకి, ఒకటి దేనికీ పనికిరాకుండా పుట్టవచ్చు. అందుకే తల్లినీ తండ్రినీ అందం చూసి కాదు, పనిలో చూసి ఎంచుకుంటారు. హీలర్లలో పుట్టుచెవుడు ఉంది కనుక పిల్లలకు వినికిడి పరీక్ష కూడా చేయిస్తారు.

ఈ శ్రమకు ఫలితం ఉంది. ఫాం కుక్క జీవితకాలపు ఖర్చు సుమారు 7,763 డాలర్లయితే, అది చేసే పని విలువ 40,000 డాలర్లని 2014లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తేల్చారు. 2021లో కాస్టర్టన్ వేలంలో హూవర్ అనే కెల్పీ 35,200 డాలర్లు పలికింది.

ఇంతలో మా అమ్మాయి ఒక మూల 8 నెలల హీలర్ పిల్లతో ఆటల్లో పడింది. అది పశువులంటే భయపడుతోంది, ఇచ్చేస్తానన్నాడు రైతు. అమ్మాయి కళ్ళు మెరిశాయి. నేను పర్సు తియ్యబోయాను కూడా. అప్పుడాయన ఒకటే అడిగాడు: "రోజుకి దీనికి ఎన్ని గంటలు ఇస్తారు? పశువులంటే భయమే గానీ, బద్ధకం లేదు దీనికి."

నేను పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి వస్తాను. మా ఆవిడదీ ఉద్యోగమే. పెరడు రెండు కార్లు పట్టేంత. నాకు జవాబు తోచలేదు.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఏడుపు. కాసేపటికి నాన్నగారు మనవరాలికి తమ జోనంగి కథ చెప్పారు. అది మన కొల్లేటి ప్రాంతపు కుక్క. పొట్టి బొచ్చు, నుదుట ముడతలు. కోతలైన పొలాల్లో బాతుల మందను తోలేది, చీకటిపడితే ఇంటికి చేర్చేది. తర్వాత పొలాలు చేపల చెరువులయ్యాయి, తాతగారు బాతుల్ని అమ్మేశారు. కుక్క మిగిలింది. పక్కింటి కోళ్ళను తోలింది, బడికెళ్ళే పిల్లల్ని తోలింది, పెరడంతా గోతులు తవ్వింది. ఊరంతా తగువులకొస్తే దాన్ని కట్టేశారు.

"కట్టేసింది నేనేనమ్మా. ఏడాది తిరక్కుండా పోయింది. కూడు పెట్టాం గానీ పని తీసేశాం. దానికి ఏం కావాలో అడగలేదు" అన్నారు నాన్నగారు. ఈ సంగతి నాకూ ఎప్పుడూ చెప్పలేదు.

మన కుటుంబాల్లో చాలామంది కార్టూన్ చూసో, పక్కింటివారిని చూసో కుక్కపిల్లను తెస్తున్నారు. తెచ్చుకోండి, తప్పులేదు. క్వీన్స్‌లాండ్‌లో 12 వారాల్లోపు మైక్రోచిప్ వేయించాలి, కౌన్సిల్‌లో నమోదు చేయించాలి, అమ్మేవారి సప్లై నంబరు అడిగి తీసుకోవాలి. కానీ వీటన్నిటికంటే ముందు ఆ రైతు అడిగిన ప్రశ్న మనం వేసుకోవాలి.

మా ఇంట్లో ఒప్పందం ఇది: 6 నెలలు రోజూ పొద్దున గంటసేపు చెరువు చుట్టూ నడవాలి, వానొచ్చినా సరే. అప్పుడు కుక్క సంగతి మాట్లాడదాం. మొదట్లో తాతయ్యా మనవరాలూ నడిచేవారు. ఆయన ఇండియా వెళ్ళిపోయాక ఆ డ్యూటీ నాకు పడింది. ఇప్పుడు నాలుగో నెల. మా అమ్మాయి ఇంతవరకు ఒక్కరోజూ మానలేదు. నేను మాత్రం రెండుసార్లు మానేశాను. ఆ రెండు రోజులూ క్యాలెండర్ మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టింది!