బుల్ రన్ వాగు ఒడ్డున

వసంతంలో వాషింగ్టన్ వైపు వచ్చినవాళ్లంతా చెర్రీ పూలు చూసి వెళ్తారు. మా అమ్మాయి మాత్రం "అసలు చూడాల్సింది అడవిలో ఉంది నాన్నా, ఆలస్యం చేస్తే అయిపోతుంది" అంటూ ఏప్రిల్ మధ్యలో ఒక ఉదయం మమ్మల్ని వర్జీనియాలోని సెంటర్‌విల్ దగ్గర బుల్ రన్ పార్కుకు తీసుకెళ్లింది.

చెట్లకి ఇంకా ఆకు నిండలేదు. ఎండ సూటిగా నేలమీద పడుతోంది. వరద తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రులో, వాగు పొడుగునా నీలం. మోకాలెత్తు మొక్కలు, తలలు వంచిన గుత్తులు. మొగ్గలేమో గులాబీ రంగు. విచ్చుకునేసరికి కణాల్లోని రసం ఆమ్లగుణం మారి నీలమవుతాయట. ఒకే కొమ్మకి రెండు రంగులూ కనిపించాయి.

"వర్జీనియా బ్లూబెల్స్" అంది అమ్మాయి. మా ఆవిడ వంగి చూసి, "గంటలేమిటే! గరాటులైతేనూ" అంది.

ఆ మాట ముందే అన్నవాడున్నాడు. 1766 ఏప్రిల్ 16న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన తోట పుస్తకంలో, పల్లపు నేలలో గరాటు ఆకారపు నీలిపువ్వు పూసిందని రాసుకున్నాడు. పేరు రాయలేదు. అది ఈ పువ్వేనని పండితులు తేల్చారు. పేర్లకేం కొదవ లేదు. యూరప్‌లో ఊపిరితిత్తుల జబ్బుకి వాడిన మొక్కకి ఇది చుట్టం కాబట్టి లంగ్‌వర్ట్. సముద్రపుటొడ్డున పెరిగే ఇంకో చుట్టం ఆకు ఆల్చిప్పల రుచి కాబట్టి ఆయిస్టర్‌లీఫ్. కొందరికి వర్జీనియా కౌస్లిప్. శాస్త్రజ్ఞులు మెర్టెన్స్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పేరిట మెర్టెన్సియా వర్జీనికా అన్నారు. చుట్టాల పోలికలూ పరాయి పేర్లూ పక్కనపెడితే, కళ్లెదుటి పువ్వుని చూసి చెప్పిన మాట మా ఆవిడదీ జెఫర్సన్‌దీ మాత్రమే అనిపించింది.

పేర్ల పేచీ ఈ వాగుకీ ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో 1861లోనూ 1862లోనూ ఇక్కడికి దగ్గర్లో జరిగిన పోరాటాలని ఉత్తరాదివాళ్లు వాగు పేరుతో బుల్ రన్ అన్నారు, దక్షిణాదివాళ్లు ఊరి పేరుతో మనాసస్ అన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లు ఏప్రిల్ రెండు, మూడు వారాల్లో వెళ్లండి. బాట బురదగా ఉంటుంది, పాత బూట్లు వేసుకోండి. ఫొటోల కోసం బాట దిగితే మొక్కలు నలుగుతాయి. పైన చెట్లు ఆకులేసి నీడ కమ్మేలోపే ఈ మొక్క ఏడాదికి సరిపడా తిండి వేళ్లలో దాచుకుని ఎండిపోతుంది. ఎండాకాలం నడిమిలో వెళ్లి పూలేవని అడిగితే చూపించడానికి ఆకు కూడా మిగలదు.