బెత్తెడు చందనం

కోల్‌కతాలో వైశాఖం ప్రవేశించిందంటే ఎండ కన్నా ఉక్కపోతే మనిషిని ఎక్కువగా వేధిస్తుంది. మెడ మీదా, నుదుటా చెమటకాయలు లేవని పిల్లలుండరు. లేక్ మార్కెట్ సమీపాన ముప్ఫై ఏళ్లుగా నివసిస్తున్న ఒక విశాఖపట్నం గృహిణి ఇంట దీనికి ఉపశమనం ఒక్కటే: సాన మీద అరగదీసిన గంధం.

ఆ చెక్క ఆమె పెళ్లినాడు తల్లి ఇచ్చినది. అప్పట్లో జానెడు, ఇప్పుడు బెత్తెడు. సింహాచలంలో వరాహ నరసింహస్వామి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనమిచ్చి, తక్కిన ఏడాదంతా చందనపు పూతలో ఉండే సీమలో పుట్టిన ఆమెకు ఆ పరిమళం కొత్తది కాదు. వంగదేశంలోనూ అది పరాయిది కాలేదు. భాయి ఫోంటా నాడు అక్కచెల్లెళ్లు సోదరుల నుదుట దిద్దేదీ, వధువు నొసటి నుంచి చెంపల దాకా చుక్కలుగా తీర్చేదీ ఆ గంధమే. ఆమె ‘సాన’ అంటుంది, పొరుగింటి వృద్ధురాలు ‘చందన్ పిఁడి’ అంటుంది, రాయి ఒక్కటే.

కూతురి వివాహం ఒక బెంగాలీ యువకునితో నిశ్చయమైంది. చెక్కను పొదుపు చేయాలని ఆమె బజారులో చందనపు పొడి పొట్లం కొన్నది. రెండవనాటికి అమ్మాయి చెంపలు కందిపోయి దద్దుర్లు లేచాయి. అన్ని పూతలూ ఆపమన్నాడు వైద్యుడు. ముహూర్తం ఇరవై రోజులే ఉంది.

చందనపు సువాసన చెట్టు నడిమి చేవలోని తైలానిది. పైనున్న తెల్లని కొయ్యకు వాసన ఉండదు. ఇతర వృక్షాల వేళ్ల నుంచి కొంత ఆహారం తీసుకుంటూ పెరిగే ఈ చెట్టు చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. 1792లో టిప్పు సుల్తాన్ దీనిని రాజవృక్షంగా ప్రకటించాడు. కర్ణాటకలో 2001లో, తమిళనాడులో 2002లో చట్టాలు సవరించిన తరువాతే పెంచిన రైతుకు చెట్టుపై హక్కు దక్కింది. అరుదైన వస్తువుకు వెల ఎక్కువ. వెల ఎక్కువైన చోట కల్తీకీ చోటు ఎక్కువ.

దద్దుర్లు పూర్తిగా తగ్గాక ఆమె పాత చెక్కను బయటకు తీసింది. పైపొర గీకి, శుభ్రమైన బట్ట పరచి, ఆకురాయితో రాపాడించింది. రాలిన పొడిని ఎండలో పెడితే పరిమళం పోతుందని నీడన ఆరబెట్టి, కల్వంలో నూరి, వస్త్రగాలితం పట్టి, తేమ తగలని గాజుసీసాలో పోసింది. అసలు చందనమైనా కొందరికి సరిపడదు. కనుక పన్నీటితో కలిపి ముందుగా మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసింది. ఆ తరువాతే ముఖానికి పలుచని పూత. పూర్తిగా ఎండితే చర్మం బిగుసుకుంటుంది కనుక తడి ఆరకముందే కడిగించింది.

“అమ్మమ్మ ఇచ్చిన చెక్క కదమ్మా, అంతా నాకే అరగదీస్తావా?” అన్నది కూతురు.

“దాచుకోమని ఇవ్వలేదే మా అమ్మ. అరగదీసుకోమనే ఇచ్చింది.”

పెళ్లినాడు పొరుగింటి వృద్ధురాలు అదే చెక్కను అదే సాన మీద తీసి, లవంగం కొనతో అమ్మాయి నొసట చుక్కలు తీర్చింది. మిగిలిన బొటనవేలంత ముక్కను తల్లి కూతురి పెట్టెలో పెట్టబోయింది. అమ్మాయి దానిని తీసి మళ్లీ సాన మీదే ఉంచింది. వేసవి ఇంకా సగం మిగిలే ఉంది. మేడ కింది వాటాలో పసిపిల్లలున్నారు.