చదువక నొక్కిన వేలు

సిద్దిపేటకు దగ్గరి పల్లెలో మేము సంఘ పరిచర్య చేయుచున్నాము. గత చలికాలములో ఒక సాయంత్రము, మేము ఎరిగినవారి నంబరు నుండి మా ఫోనుకు పెండ్లిపత్రిక వచ్చినది. తెరువబోగా ఫోను ఆపినది. తెలియని చోటినుండి వచ్చిన యాప్ హాని చేయవచ్చునని చెప్పినది. మేము చదువలేదు. "అనుమతించు" అని నొక్కితిమి. మరల అడిగినది, మరల నొక్కితిమి.

అది పత్రిక కాదు, పత్రిక పేరు పెట్టుకొన్న ఏపీకే ఫైలు. మా మెసేజులు చదువు అధికారమును దానికి మేమే ఇచ్చితిమి. బ్యాంకు పంపిన ఓటీపీలు దొంగకు చేరినవి. మందిరపు రేకులకై స్త్రీల సమాజమువారు కూడబెట్టి మాకు అప్పగించిన 18,000 రూపాయలు తెల్లవారుసరికి ఖాతాలో లేవు.

వెంటనే 1930 కు ఫోను చేసితిమి. కొంత సొమ్ము ఆగినది, కొంత పోయినది. ఆదివారమున సంఘము ఎదుట నిలిచి ఒప్పుకొంటిమి. ఒక పెద్దమ్మ లేచి, "గా ఫోను ముందుగాల జెప్పలేదా అయ్యగారూ?" అని అడిగెను.

"చెప్పిందమ్మా, రెండుసార్లు చెప్పింది" అంటిమి.

మరి ఎందుకు వినలేదు? దినమంతయు ఫోను ఏదో ఒకటి అడుగుచునే యుండును. కెమెరాకు అనుమతి, లొకేషనుకు అనుమతి. నొక్కనిదే పని జరుగదు. అట్లు మన వేలు నేర్చుకొన్నది. నాన్నా పులి కథలోని తండ్రివలె మన చెవి మొద్దుబారినది.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 2015లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమువారు మెదడును పరీక్షించి, ఒకే హెచ్చరికను రెండవసారి చూపగానే దానిని గమనించు శక్తి బాగుగా తగ్గుచున్నదని కనుగొనిరి. 2013లో ఇతర పరిశోధకులు, సురక్షితము కాని వెబ్‌సైటును గూర్చిన హెచ్చరికలను పరిశీలించిరి. క్రోమ్‌లో 100కి 70 హెచ్చరికలను జనులు దాటిపోయిరి. ఫైర్‌ఫాక్స్‌లో 33 మాత్రమే. అనగా చెప్పు తీరునుబట్టి వినుట మారును.

ఇది చదివి మా ప్రసంగములు జ్ఞాపకమునకు వచ్చి సిగ్గుపడితిమి. ప్రతివారము ఒకే గొంతుతో హెచ్చరించి, జనులు వినుటలేదని నొచ్చుకొనుచున్నాము!

ప్రియ చదువరులారా, ఇప్పుడు మా ఇంట ఒక నియమమున్నది. ఫోను హెచ్చరించినయెడల ఇంటిలో మరియొకరికి వినబడునట్లు పైకి చదువవలెను. పత్రిక వచ్చినచో పంపినవారిని ఫోనుచేసి అడుగవలెను. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 కు చెప్పవలెను. దొంగ తీసుకొనకముందే సొమ్మును ఆపుటకు వీలగును.

పైకి చదువుచున్నంతసేపు వేలు ఆగును. వేలు ఆగినంతసేపు దొంగ గడప బయటనే యుండును.