ఒక రేఖ – రెండు అర్థాలు

తెలుగు బోధించేవానికి రక్తం గడ్డకట్టే తీరుతో పనేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. 2023లో మా ఆపాకు గుండె కవాటం మార్చిన రాత్రి వరకు నాకూ ఆ పని పడలేదు.

శస్త్రచికిత్స ముగియవచ్చినా రక్తస్రావం ఆగలేదన్నారు. రక్తమివ్వడానికి వచ్చిన మా విద్యార్థులు ఇద్దరు నాతోపాటు వరండాలో నిలుచున్నారు. లోపల జరిగినదేమిటో మత్తు వైద్యుడు మరునాడు కాగితం మీద గీసి చూపారు. 1948లో హార్టెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతి అది. చిన్న గిన్నెలో కాసింత రక్తం పోసి, అందులో సన్నని కడ్డీని వేలాడదీసి, గిన్నెను అటూ ఇటూ మెల్లగా తిప్పుతారు. రక్తం గడ్డకట్టే కొద్దీ కడ్డీ కూడా దానితో కదులుతుంది; ఆ కదలికే రేఖగా పడుతుంది. ఒంటి గీత చీలి, విచ్చుకొని, ఆకు ఆకారం దాలుస్తుంది. అది విచ్చుకోవడానికి పట్టిన కాలమూ, దాని వెడల్పూ చదవదగినవే.

ఆపా రేఖ ఆలస్యంగా విచ్చుకున్నది. దానికి రెండు అర్థాలుండవచ్చునట. గడ్డకట్టించే పదార్థాలు కొరవడి ఉండాలి. లేదా గుండె పని యంత్రానికి అప్పగించినప్పుడు ఇచ్చిన హెపారిన్ ఇంకా మిగిలి ఉండాలి. మొదటిదైతే ప్లాస్మా ఎక్కించాలి, రెండవదైతే ప్రోటమైన్ ఇవ్వాలి. హెపారిన్‌ను విరిచే ఎంజైము గల మరొక గిన్నెలో రేఖ సకాలంలోనే విచ్చుకున్నది. ప్రోటమైన్ మరికొంత ఇచ్చారు. విద్యార్థులు రక్తమివ్వకుండానే తిరిగి వెళ్లారు.

సైంధవం తెమ్మంటే భోజనవేళ ఉప్పనీ, ప్రయాణవేళ గుర్రమనీ గ్రహించాలని ఏటేటా తరగతిలో చెబుతూ వచ్చాను. ఆ పాఠం నాకు ఆనాడే బోధపడింది.

ఇప్పుడు ఈ రేఖలను కృత్రిమ మేధ చేత చదివించే ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటిని నేను తేలికగా తీసివేయలేను. నడిరేయి అలసిన కన్ను పొరబడవచ్చు. అనుభవజ్ఞుడు లేని చిన్న ఊరి ఆసుపత్రికి అటువంటి తోడు అండ కాగలదు. కాని హెపారిన్ ఎంత ఇచ్చారో, నమూనా ఏ గొట్టం నుండి తీశారో, గాయంలో రక్తం నిజంగా ఊరుతున్నదో లేదో రేఖలో కనబడదు. ఎవరో చెప్పాలి. చెప్పకపోతే ఉప్పడిగినవాని ముందుకు గుర్రం వస్తుంది, అదీ ఏ తడబాటూ లేకుండా. (సందర్భం చూడక ధారాళంగా వ్రాసే విద్యార్థులంటే నాకు మొదటినుండీ భయమే.)

"యంత్రం ప్లాస్మా ఎక్కించమని, మీకేమో వద్దని తోస్తే?" అని అడిగాను. ఆయన వెంటనే బదులు చెప్పలేదు.

"ముందు గాయంలోకి చూస్తాను" అన్నారు.