మద్నూరు పత్తిచేలూ, గీతలు పడిన బిళ్ళా

హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట, పిట్లం మీదుగా నాందేడు వైపు పోయే పెద్ద రహదారి ఒకటి ఉన్నది. దాని నంబరు 161. ఈ దారిన పోతూ ఉంటే తెలంగాణ సరిహద్దు ఇక వచ్చేస్తుందనగా తగిలే పెద్ద ఊరు మద్నూరు. ఇంకా కాస్త ముందుకు సాగి సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. అక్కడ మొదట వచ్చే పట్నం దెగ్లూరు. కర్ణాటక కూడా ఎంతో దూరం లేదు. అందుచేత మద్నూరు బజారులో కొంతసేపు నిలబడితే తెలుగూ, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ చెవిని పడతాయి. ఒకే మనిషి నాలుగూ మాట్లాడినా అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇందుకు కారణం ఉన్నది. మద్నూరు పక్కనే ఉన్న బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు 1956 దాకా నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేవి. ఆ ఏడు భాషలనుబట్టి రాష్ట్రాలను విభజించినప్పుడు అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. తరవాత చాలా కాలం మద్నూరు నిజామాబాదు జిల్లాలో ఉన్నది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కామారెడ్డి జిల్లాలో చేరింది. గీతలు మారాయిగాని, చుట్టరికాలు మారలేదు. అక్కడివారికి మేనత్త ఒక రాష్ట్రంలోనూ, మేనమామ మరొక రాష్ట్రంలోనూ ఉండటం మామూలే.

ఇక్కడి నేల నల్లరేగడి. వానాకాలంలో కాలు పెడితే చెప్పును వదలదు. ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ఇంతకన్న మంచి నేల లేదు. శీతాకాలం వచ్చేసరికి రోడ్డుకు రెండువైపులా చేలు తెల్లగా పూచినట్టుంటాయి. పత్తి బళ్ళూ, ట్రాక్టర్లూ జిన్నింగు మిల్లులకు పోతూ ఉంటే వాటి వెనక నల్లని దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము బట్టలమీదా, బస్సు అద్దాలమీదా, ఇంట్లో అరలమీదా అంతటా పడుతుంది. మన కథలో ఈ దుమ్ముకు పని ఉన్నది.

నేను దిగిన ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు. అక్క ఎనిమిదో తరగతి, తమ్ముడు ఆరో తరగతి. వాళ్ళ మేనమామ హైదరాబాదు నుంచి ఒక పాత ఆటల పెట్టె తెచ్చి ఇచ్చాడు. అది ప్లేస్టేషన్ 2 అనే రకం. 2000లో వచ్చిన ఈ పెట్టెల తయారీ 2013 నాటికే ఆగిపోయింది. వాటి ఆటలు కూడా ఇప్పుడు కొత్తవి దొరకవు. ఎవరో ఆడి అమ్మినవి కొనుక్కోవలసిందే. పిల్లలిద్దరూ దసరాకు పెద్దలిచ్చిన డబ్బులు రెండేళ్ళు కూడబెట్టి, రెండు బిళ్ళలు తెప్పించుకున్నారు. ఆ ఊళ్ళో అన్నిటినీ సీడీలనే అంటారుగాని, నిజానికి అవి డీవీడీలు. మొదటిదాంట్లో ఒక కారుపందెం ప్రతిసారీ ఒక వంతెన దగ్గరికి వచ్చి ఆగిపోతున్నది. రెండోది అసలు మొదలే కావటం లేదు.

నేను వెళ్ళేసరికి తమ్ముడు పెరట్లో ఒక చేతిలో బిళ్ళా, మరొక చేతిలో చింతపండూ బూడిదా పట్టుకుని కూర్చున్నాడు. "అవ్వ ఇత్తడి చెంబు ఇట్లనే తోముతది మామా, అద్దం లెక్క మెరుస్తది!" అన్నాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఆ బిళ్ళ పని ముగిసిపోయేదే! ఇత్తడి గట్టిది. ఈ బిళ్ళ పాలీకార్బొనేటు అనే మెత్తని ప్లాస్టిక్కు. బూడిదలోని గరుకు దాన్ని కొన్ని వందల చోట్ల గీకుతుంది.

ఆ బిళ్ళలో ఏమున్నదో తెలిస్తేనేగాని దాన్ని ఎలా తుడవాలో తెలియదు. మీరు చేలో సాళ్ళు చూశారు గదా? బిళ్ళలో కూడా ఒక సాలు ఉంటుంది. అయితే అది తిన్నగా ఉండదు; నడిమి నుంచి బయలుదేరి, చుట్టలు చుట్టుకుంటూ అంచుదాకా పోతుంది. సీడీలో ఈ ఒక్క సాలునూ విప్పి చాచితే 5 కిలోమీటర్లు దాటుతుంది! చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74 మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, దాని కింద 90కి పైగా డీవీడీ సాళ్ళు దాక్కుంటాయన్నమాట. ఈ సాలు పొడుగునా సన్నని గుంటలు ఉంటాయి. పెట్టెలోని లేజరు కిరణం ఆ గుంటలమీద పడి, తిరిగివచ్చే వెలుతురులో తేడానుబట్టి ఆటను చదువుకుంటుంది.

గుంటలు పైన ఉండవు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, కిరణం ఆ ప్లాస్టిక్కునంతా దాటిపోయి, బొమ్మ అచ్చువేసిన వైపు ఉన్న పలచని లోహపు పొరను చేరాలి. డీవీడీ 0.6 మిల్లీమీటర్ల రేకులు రెండు అతికించినది. పొర నడుమ ఉంటుంది. మద్నూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు అద్దంమీది దుమ్మును చూడడు, అవతలి చేలను చూస్తాడు. కన్ను దూరంమీద నిలిచినప్పుడు దగ్గరి నలుసు మసకగా మాయమవుతుంది. కిరణమూ అంతే. అందుకే చిన్న గీతలు కంటికి భయంకరంగా కనిపించినా ఆటకు అడ్డురావు. సీడీకి అసలు ప్రమాదం మనమెవరమూ పట్టించుకోని బొమ్మవైపు నుంచి వస్తుంది. అక్కడ పొరమీద పలచని పూత తప్ప కాపు లేదు. బొమ్మవైపు గీరుకుపోయి పొర ఊడితే ఎవరూ ఏమీ చేయలేరు.

మరి పెద్ద గీత పడితే? 1960లో అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు ఒక గొప్ప లెక్క కనిపెట్టారు. అసలు సమాచారంతోపాటు కొన్ని సాక్షి అంకెలు కూడా రాసిపెడితే, మధ్యలో కొన్ని చెరిగిపోయినా మిగిలినవాటిని బట్టి పోయినవి ఏవో చెప్పవచ్చు. 1982లో సీడీలు బజారుకు వచ్చినప్పుడు ఈ లెక్క వాటిలో ఉన్నది. సాలు పొడుగునా రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా సీడీ దాన్ని పూరించుకోగలదు.

ఇది అక్కకు వెంటనే అర్థమయింది. "పోగుంటలు పెట్టినట్టా?" అన్నది. పత్తి గింజ మొలవనిచోట మళ్ళీ గింజ పెట్టడాన్ని ఆ వైపు పోగుంటలు పెట్టటమంటారు. సరిగ్గా అంతే! ఒక ఆవు చేనుకు అడ్డంగా పరిగెత్తిందనుకోండి. ఒక్కొక్క సాలులో ఒక్కొక్క మొక్కే పోతుంది, పోగుంటలతో సరిపోతుంది. అదే ఆవు ఒక సాలు వెంబడే మేసుకుంటూ పోతే ఆ సాలు మొత్తం పోతుంది. అందుచేత బిళ్ళను ఎప్పుడూ గుండ్రంగా తిప్పుతూ తుడవరాదు. నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. అప్పుడు పొరపాటున గీత పడినా సాళ్ళకు అడ్డంగా పడుతుంది. పళ్ళెం తుడిచే అలవాటు మన చేతిని గుండ్రంగానే తిప్పుతుంది, జాగ్రత్త!

బూడిద పారవేసి పని మొదలుపెట్టాం. ముందు చేతులు కడుక్కున్నాం. బిళ్ళను అంచులతో పట్టుకుని, ముట్టకుండా నీళ్ళు జారవిడిచాం. ఇది అన్నిటికన్న ముఖ్యం. రేగడి దుమ్ములో ఇసుక నలుసులుంటాయి. పొడిగుడ్డతో రుద్దితే అవే ఆకురాయి అవుతాయి. బోరునీళ్ళలో సున్నం ఉంటుంది గనక ఆరినచోట తెల్ల మచ్చలు మిగులుతాయి. మేము ప్లాంటునీళ్ళు వాడాం. తరవాత గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపిన నీళ్ళలో మెత్తని గుడ్డ ముంచి, తేలికగా, నడిమి నుంచి అంచుకు తుడిచాం. తమ్ముడు దూది కోసం చేలోకి పరిగెత్తి గుప్పెడు పత్తి తెచ్చాడు గాని, చేలోని పత్తిలో ఆకు నలుసులూ, మట్టీ ఉంటాయి. ఎన్నోసార్లు ఉతికిన తాత పాత ధోవతి ముక్క దానికన్న మేలు. కాగితం పనికిరాదు. మళ్ళీ కడిగి, నీళ్ళు జాడించి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాం. ఎండలో పెడితే బిళ్ళ వంకరపోవచ్చు.

ధర చీటీ జిగురు మాత్రం నీళ్ళకు వదలలేదు. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అనే స్పిరిట్ కొంచెం గుడ్డకు అద్ది వాళ్ళ నాన్న తుడిచాడు. అది మండేది గనక పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ళే చేయాలి. పెట్రోలు, కిరసనాయిలు, రంగుల థిన్నరు, గోళ్ళరంగు చెరిపే మందు ముట్టనేరాదు. పాలీకార్బొనేటు వాటికి తెల్లబారి చిట్లుతుంది. పళ్ళపేస్టుతో రుద్దితే గీతలు పోతాయని చాలామంది చెబుతారు. అదీ సన్నని ఆకురాయే. డీవీడీమీద ఒక్కోసారి పనిచేసినా, నాకు ఆ వైద్యంమీద నమ్మకం లేదు. గీత లోతైనదైతే నున్నచేసే యంత్రం ఉన్న దుకాణానికి ఇవ్వటం మంచిది. బ్లూరే బిళ్ళలను మాత్రం ఎవరూ సానపట్టరాదు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 మొదలు వాడుతున్న ఈ బిళ్ళల్లో గుంటలు పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటాయి. వాటికి పైన గట్టి పూత వేసి ఉంటుంది. సానపడితే ఆ పూతే పోతుంది.

ఆరిన తరవాత మొదటి బిళ్ళ పెట్టెలో పెట్టాం. కారు వంతెన దగ్గరికి వచ్చింది. పిల్లలిద్దరూ ఊపిరి బిగపట్టారు. కారు వంతెన దాటింది! ఆ అరుపుకు పక్కింటివాళ్ళు మరాఠీలో ఏమయిందని అడుగుతూ వచ్చారు.

రెండోది బాగుపడలేదు. ట్యూబులైటు కింద పెట్టి చూస్తే దానిమీద చుట్టూ గుండ్రంగా ఒక లోతైన గాడి ఉన్నది. బిళ్ళ తిరుగుతూ ఉండగా ఎవరో పెట్టెను కదిల్చినప్పుడు ఇటువంటి గాడి పడుతుంది. ఆవు సాలు వెంబడే పోయిందన్నమాట. పైగా నడిమి రంధ్రం దగ్గర సన్నని చీలిక కూడా కనిపించింది. చీలిన బిళ్ళను తిరిగి పెట్టెలో పెట్టరాదు. అంత వేగంలో అది ముక్కలై పెట్టెను పాడుచేయగలదు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇకమీదట డబ్బు ఇచ్చేముందే బిళ్ళను దీపం కింద వాల్చి రెండువైపులా చూడాలని అక్క తన నోటుబుక్కులో రాసుకున్నది.

ఆ బిళ్ళను వాళ్ళు పారవేయలేదు. తాత దానికి దారం కట్టి జొన్నచేలో ఒక కర్రకు వేలాడదీశాడు. గాలికి అది గిర్రున తిరిగి ఎండలో తళుక్కుమంటూ ఉంటే, కంకులమీద వాలబోయిన పిట్టలు లేచి దెగ్లూరు వైపు ఎగిరిపోయాయి.